మూడు చుట్లకే పట్టేసిన నట్టు

బాబాయిని కొడుతున్న చప్పుడు వీధికి ఇవతలి దాకా వినిపించింది. గోరక్క ఇనుము చెక్కే లేతు ఆపలేదు. పన్నెండేళ్ళుగా ఉప్పూ నిప్పూలా బతుకుతున్న మనిషి ఎదురు షాపులో ఎవరి చేతిలోనో నాలుగు తింటుంటే తనకేం పట్టింది? నిజం చెప్పాలంటే మొదటి దెబ్బ వినపడగానే కాస్త హాయిగా కూడా అనిపించింది. రెండో దెబ్బకి అర మీది డబ్బాలు పడి నట్లూ బోల్టులూ చిందిన చప్పుడైంది. మూడో దెబ్బకి బాబాయి అరిచాడు. ఆ అరుపు అచ్చం చచ్చిపోయిన నాన్న గొంతులా ఉంది. అప్పుడు ఆపింది లేతు.

పొద్దున్న పది గంటలు. వీధి నిండా జనం. అయినా ఒక్కడు కదిలితే ఒట్టు. వెల్డింగ్ షాపువాడు ముసుగు దించుకుని, ఎదురుగా ఏ ఇనుమూ లేకుండానే పనిలో మునిగిపోయాడు. టైర్లాయన షట్టరు సగం దించి, మిగతా సగంలోంచి వంగి చూస్తున్నాడు. రేపు ఇదే వీధి ఈ కథని టీ కొట్టు దగ్గర కళ్ళకు కట్టినట్టు చెబుతుంది, అందరూ అడ్డం పడ్డట్టే చెబుతుంది.

ఇద్దరు మనుషులు బాబాయిని రెండు రెక్కలూ పట్టుకుని వీధి దాటించి తీసుకొచ్చారు. ఒకడు పొడుగ్గా తాడిచెట్టులా ఉన్నాడు, ఇంకొకడు గళ్ళచొక్కా. బాబాయి పై పెదవి చిట్లి, నెరిసిన గడ్డం ఎర్రబడింది. వాళ్ళ వెనకాల గిత్త వచ్చాడు. అతని అసలు పేరు ఏమిటో లారీ స్టాండులో అతని కింద పనిచేసే వాళ్ళకే తెలియదు. మెడ లేదు, తల నేరుగా భుజాల మీద పెట్టినట్టుంటుంది. అతనికి రెండే పిచ్చులు: ఒకటి పాత మోటారు సైకిళ్ళు, రెండోది తమ్ముడు. ఆ తమ్ముడు మొన్న చచ్చిపోయాడు.

గిత్త ఒక నట్టు తెచ్చి గోరక్క బల్ల మీద పెట్టాడు. చిటికెన వేలి గోరంత నట్టు.

"వంతెన దిగుతూ ముందు బ్రేకు పట్టాడు. ఈ నట్టు ఊడింది. బ్రేకు పళ్ళేన్ని పట్టుకునే కడ్డీ వదిలేసింది. పళ్ళెం చక్రంతో పాటు తిరిగి, కేబులు చుట్టుకుని, చక్రం ఆగిపోయింది. బండి ముక్కు మీద నిలబడింది. మావాడు రాతిగోడకి వెళ్ళి కొట్టుకున్నాడు." మార్కెట్లో చీటీ చదువుతున్నట్టు చెప్పాడు గిత్త. "మొహం లేదు. చొక్కా చూసి గుర్తుపట్టాను."

గోరక్క చేతులు గుడ్డకి తుడుచుకుంది.

"నట్టు నేనే బిగించాను, నా చేత్తో. మూడు చుట్లు తిరగ్గానే ఎంత గట్టిగా పట్టేసిందనుకున్నావు! ఆ తర్వాత స్పానరు వేసి మరీ తిప్పాను. అంత గట్టి నట్టు ఎలా ఊడింది? ఇనుములో మోసం ఉండాలి. ఈ వీధిలో పాత బళ్ళకి నట్లు చేసేది మీ రెండు షాపులే. ఎవరిదో చెప్పు. ముసలాడు నోరు విప్పడం లేదు. నీ గోరు అబద్ధం చెప్పదంటారు కదా!"

ఆ గోరు సంగతి చెప్పాలి. పాత మోటారు సైకిళ్ళ గురించి తెలియనివాళ్ళు నట్టంటే నట్టే అనుకుంటారు, పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం. కానీ డెబ్బై ఏళ్ళ నాటి బండిలో ఇంజన్‌ది ఒక కొలత, చక్రాలది ఇంకో కొలత. ఒక బోల్టుకి అంగుళానికి ఇరవై మరలు, అంటే గాడి చుట్లు, ఉంటే పక్కదానికి ఇరవై ఆరు. ఒకదాని మరల కోణం యాభై అయిదు డిగ్రీలు, ఇంకోదానిది అరవై. తర్వాత వచ్చిన బళ్ళేమో మిల్లీమీటర్ల లెక్క. మధ్యలో ఎవడో మెకానిక్కు తోచింది తొడిగి ఉంటాడు. ఏది ఏదో తేల్చాలంటే దువ్వెన పళ్ళలాంటి రేకులున్న పిచ్ గేజి పెట్టి, వెలుతురుకి ఎత్తి, రేకుకీ బోల్టుకీ మధ్య సందు ఉందా లేదా చూడాలి. గోరక్క మాత్రం కుడి బొటనవేలి గోరుతో మరల మీద ఒక్కసారి గీసి చెప్పేసేది. "ఇరవై రెండు," అనేది, గేజి పెడితే ఇరవై రెండే. ఆ గోరు వల్లే ఆ పేరు, ఆ పేరు వల్లే అంత పొగరు. గత నాలుగేళ్ళలో ఆమె గేజి ముట్టుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నట్టు తీసుకుని తిప్పి చూసింది.

నట్టు అంచున వెంట్రుకంత గీత గుండ్రంగా ఉంది. అంచులు చెక్కే తన టూలుకి చిన్న పెచ్చు ఊడి నెలన్నర అయింది. రేపు సానపెడదాం, ఎల్లుండి సానపెడదాం అనుకుంటూ గడిపేసింది. ఈ గీత లోకంలో ఇంకెవరి నట్టు మీదా పడదు. నవ్వు మొహం మనిషొకడు పాత బోల్టు తెచ్చి ఇదే బల్ల మీద మోచేతులు ఆనించి నిలబడ్డం గుర్తొచ్చింది. "రెండు కావాలక్కా. ఒకటి నాకు, ఒకటి మా అన్నకి." మొత్తం పన్నెండు చేసింది ఆ రోజు. తన ట్యాపుతో, అంటే నట్టు లోపల మరలు కోసే పనిముట్టుతో, అంగుళానికి ఇరవై ఆరు మరలు కోసింది. అతను తెచ్చిన బోల్టుకి ఎక్కించి చూస్తే మూడు చుట్లు తిరిగి బిగుసుకుంది. పాత బోల్టు కదా, తుప్పు అడ్డమొచ్చి ఉంటుంది అనుకుంది.

గోరు లోపలికి పెట్టి గీసింది. మొదటి రెండు మరలు చెక్కుకుపోయి ఉన్నాయి. మిగతావి కోసినవి కోసినట్టే ఉన్నాయి. బరువంతా ఆ రెండే మోశాయన్నమాట. ఎక్కడో కొలత తప్పింది. ఎక్కడ తప్పిందో తెలియలేదు కానీ, తప్పింది తనదే.

"ఎవరిది?" అన్నాడు గిత్త.

చెబితే ఏమవుతుందో అడగాల్సిన పని లేదు. గళ్ళచొక్కా అప్పటికే ఇనుముని పట్టి ఉంచడానికి బల్లకి బిగించిన వైసు పిడి తిప్పి దవడలు తెరిచాడు. ఈ కుడి చెయ్యి పోతే అన్నం పోతుంది. నోరు తెరిచి, మూసేసింది.

"నాదే," అన్నాడు బాబాయి.

అందరూ అటు తిరిగారు. బాబాయి పెదవి మీది నెత్తురు నాలుకతో తుడుచుకున్నాడు. "ఇందాక నా చేతిలో పెట్టినప్పుడే తెలిసింది. నాదే తప్పు. దాన్ని వదిలెయ్యండి."

గోరక్క బిత్తరపోయింది. ఈయనకి మతి పోయిందా? షాపు పంచుకున్న రోజున తను లేతు బిగించే ఇనప చక్ తాళం విసిరితే నుదుటి మీద మూడు కుట్లు పడ్డ మనిషి. ఆ రోజు నుంచి ఎదురుపడితే పక్కకి ఉమ్మేసే మనిషి. ఇప్పుడు తన మెడకి తనే ఉరి తగిలించుకుంటున్నాడు. ఎందుకో అర్థం కాలేదు. కానీ ఒప్పుకోవాల్సిన సిగ్గుమాలిన సంగతి ఏమిటంటే, ఆమె ప్రాణం లేచొచ్చింది.

పొడుగువాడు బాబాయి కుడి చేతి మధ్య మూడు వేళ్ళూ వైసు దవడల మధ్య పెట్టాడు. గళ్ళచొక్కా పిడి అందుకున్నాడు. ఆ వైసుని నాన్నా బాబాయీ కలిసి కొన్నారు. దాని లోపలి స్క్రూ ఆమెకి కంఠతా వచ్చు: పిడి ఒక చుట్టు తిరిగితే దవడ ఆరు మిల్లీలు ముందుకొస్తుంది.

పావు చుట్టు తిరిగింది. ఒకటిన్నర మిల్లీ. బాబాయి పళ్ళు బిగించాడు.

అర చుట్టు. మూడు మిల్లీలు. గోళ్ళ సందుల్లోంచి నెత్తురు చిమ్మి దవడల మీద పడింది. బాబాయి మోకాళ్ళు వంగిపోయాయి. పొడుగువాడు జుట్టు పట్టుకుని నిలబెట్టాడు. వేళ్ళు వైసులో ఉన్నవాడు కింద కూడా పడలేడు. ఆయన అరుపుకి టైర్లాయన మిగతా సగం షట్టరు కూడా దించేశాడు.

ముప్పావు చుట్టుకి పచ్చికొమ్మ విరిగినట్టు చప్పుడైంది, ఒకటి కాదు, వరసగా మూడు. బాబాయి తల తిప్పి గోరక్క వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే ఆమె నోరు మూసుకుని ఉండేదేమో. కానీ ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. చిన్నప్పుడు లేతు దగ్గరికి పరిగెత్తుకొస్తే, రాకు తల్లీ, చెయ్యి పోతుంది అని అలాగే ఊపేవాడు.

"ఆపు! నాది! ఆ నట్టు నాది!"

గళ్ళచొక్కా ఆపాడు. గిత్త ఆమెని ఎగాదిగా చూశాడు. "ఇంతసేపూ చూస్తూ కూర్చున్నావా?"

"కూర్చున్నాను," అంది గోరక్క. ఏడుస్తోంది. "భయపడ్డాను. ఇదిగో ఈ గీత చూడు, నా టూలుది. ఇదిగో టూలు."

గిత్త గీత చూశాడు, టూలు చూశాడు. ఆపైన చెంప మీద ఒక్కటి కొట్టాడు. గోరక్క లేతుకి గుద్దుకుని కింద పడింది. చెవిలో గుయ్యిమంది. పొడుగువాడు ఆమె మణికట్టు మీద మోకాలు వేసి నొక్కాడు. గిత్త గోడకి వేలాడుతున్న పటకారు తీసుకున్నాడు.

"చెయ్యి ఇందాకే ఒకటి అయిపోయింది. తమ్ముడొక్కడే పోయాడు కాబట్టి చెయ్యి ఒకటే. నీది ఆ గోరు చాలు."

నెమ్మదిగా లాగాడు. ఊడపెరకడంలో కూడా అతనికి తొందర లేదు. కింది చర్మం పట్టుకుని రానంటే పక్కకి ఊపి లాగాడు. గోరక్క తన అరుపు తనకే వినపడనంతగా అరిచింది. వచ్చిన గోరుని గిత్త ఆ నట్టు పక్కనే బల్ల మీద పెట్టాడు. పటకారు గుడ్డకి తుడిచి మళ్ళీ మేకుకి తగిలించాడు. చెడ్డవాడే కానీ పనిముట్లంటే గౌరవం ఉన్నవాడు.

ముగ్గురూ బయటికి నడిచారు. గిత్త తన మోటారు సైకిలు మీద కూర్చున్నాడు. నల్లటి పాత బండి, ముందు చక్రం మధ్యలో పెద్ద బ్రేకు పళ్ళెం.

గోరక్క నేల మీద నుంచి ఆ పళ్ళెం వైపు చూసింది. పళ్ళేన్ని పట్టుకునే కడ్డీ చివర కొత్త నట్టు తళతళలాడుతోంది. ఒకటి నాకు, ఒకటి మా అన్నకి.

పోనీ, అంది లోపల ఒక గొంతు. వాడే పోతాడు. అదే వంతెన, అదే దిగుడు. నువ్వు వేలు కూడా కదపక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. ఇందాక మూసుకోవడం బాగానే వచ్చింది కదా!

ఆ ఎత్తిపొడుపే ఆమెని లేపింది. స్పానరు ఎడమ చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళి బండికి అడ్డంగా నిలబడింది. బొటనవేలి నుంచి నెత్తురు మోచేతి దాకా కారుతోంది.

"దిగు."

"ఇంకో గోరు కూడా కావాలా?"

"నీ బండికి ఉన్నదీ నా నట్టే. మీ తమ్ముడు రెండు తీసుకెళ్ళాడు, రెండోది నీ బండికి తొడిగినట్టున్నాడు. బ్రేకు పట్టావంటే నువ్వూ వాడి దగ్గరికే వెళ్తావు. దిగు."

గిత్త దిగలేదు. గోరక్క వంగి, అతని కాలి పక్కనే, స్పానరు వేసి తిప్పింది. నట్టు కిర్రుమంటూ వచ్చింది. దాంతో పాటు చెక్కుకుపోయిన మర సన్నటి ఇనప పీచులా ఊడి రోడ్డు మీద పడింది. ఆ పీచు చూశాక గిత్త కిందికి దిగాడు.

"సరైన నట్టు చేసిస్తాను. అందాకా కదలకు. మీవాణ్ణి పంపి ఆటో తెప్పించు. మా బాబాయిని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి." గిత్తతో ఆ గొంతుతో మాట్లాడినవాళ్ళు ఆ వీధిలో లేరు. పొడుగువాడు ఆటో కోసం పరిగెత్తాడు.

లోపల వైసు విప్పి బాబాయిని నేల మీద కూర్చోబెట్టింది. వేళ్ళు వేళ్ళలా లేవు. తన చీర కొంగు చింపి చుట్టడం మొదలుపెట్టింది. ఇద్దరి నెత్తురూ ఒకే గుడ్డకి అంటుతోంది.

"ఎక్కడ తప్పిందో తెలియడం లేదు బాబాయ్," అంది. పన్నెండేళ్ళలో ఆయనతో అన్న మొదటి మాట. "ఇరవై ఆరు ట్యాపుతోనే కోశాను. నాన్న ట్యాపుల డబ్బాలో, దాని గుంటలోంచే తీశాను."

"అది ఇరవై ఆరు కాదు."

గుడ్డ చుడుతున్న చెయ్యి ఆగింది.

"డబ్బా పంచుకున్న రోజున నేనే మార్చాను," అన్నాడు బాబాయి, కళ్ళు మూసుకుని. "అసలుది నేను తీసుకుని, ఆ గుంటలో ఎనిమిది మిల్లీల ట్యాపు పెట్టాను. ఒక మిల్లీకి ఒక మర. మొదలు మీద అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. చూడ్డానికి రెండూ కవల పిల్లలే, అంగుళం పొడవున సగం మర తేడా. మర్నాడే కనిపెట్టి నా పీక మీదికి వస్తావనుకున్నాను. తిట్టుకోవడానికైనా వస్తావు కదా అనుకున్నాను. నువ్వు రాలేదు."

ఎలా వస్తుంది? ఆ సైజు నట్లు మొన్న మొన్నటి దాకా పాతవే బజార్లో దొరికేవి. ఆ ట్యాపు పన్నెండేళ్ళు గుంటలో కదలకుండా పడుకుంది. అది బయటికొచ్చిన రోజున గేజి పెట్టి చూస్తే సరిపోయేది. తనేమో గోరు గీసి, ఇరవై ఆరే అనేసింది.

గోరక్క ఎడమ చేత్తో బాబాయి చెంప ఛెళ్ళుమనిపించింది. పగిలిన పెదవి మళ్ళీ పగిలింది. ఆయన మొహం తిప్పుకోలేదు. ఆమె ఇంకొకటి కొట్టబోయి, చెయ్యి దించి, మిగిలిన గుడ్డ చుట్టి ముడి వేసింది.

"అసలుది ఎక్కడుంది?"

"పై అరలో. నూనె గుడ్డలో చుట్టి ఉంది. తుప్పు పట్టలేదు, ప్రతి ఏడూ నూనె మారుస్తున్నాను."

ఆటో వచ్చింది. బాబాయిని, తోడుగా పొడుగువాణ్ణి ఎక్కించాక గోరక్క వీధి దాటి, చిందిన నట్ల మీద కాళ్ళు పెట్టుకుంటూ వెళ్ళి ట్యాపు తెచ్చుకుంది. రెండు ట్యాపుల మీదా గేజి పెట్టింది. ఇరవై ఆరు రేకు ఆయన దాచిన ట్యాపు మీద బిగుతుగా కూర్చుంది. తన దాని మీద మొదట బాగానే కూర్చున్నట్టుండి, చివరికొచ్చేసరికి సన్నటి వెలుతురు కనిపించింది. ఒక మనిషి ఆ సందులోంచి పోయాడు.

నట్టు చెయ్యడానికి ముప్పావు గంట పట్టింది. గోరు లేని వేలు ఇనుముకి తగిలినప్పుడల్లా కళ్ళు చీకట్లు కమ్మాయి. ఆరు పలకల కడ్డీ కోసి, రంధ్రం చేసి, మరలు కోసి, ముందుగా అంచులు చెక్కే టూలు సానపెట్టి, ఆ తర్వాతే అంచులు చెక్కింది. బయటికి తెచ్చి గిత్త అరచేతిలో పెట్టింది.

"నువ్వే ఎక్కించు. స్పానరు వద్దు. వేళ్ళతో."

గిత్త వంగి నట్టు ఎక్కించాడు. మూడు చుట్లు తిప్పాడు. బిగుసుకుంటుందని ఆగాడు. బిగుసుకోలేదు. నాలుగు, ఐదు, ఆరు, వేలి కొసతో నెడితే చాలు తిరుగుతూ వెళ్ళి, అడుగున కడ్డీకి ఆని ఆగింది.

నట్టుని వెనక్కి విప్పి, మళ్ళీ వేలితో అడుగు దాకా నెట్టి చూశాడు.

"ఇంత తేలిగ్గానా?"

"అంతే. అడుగు దాకా వేళ్ళతో వెళ్ళాలి. స్పానరు ఆఖర్నే."

"మధ్యలో పట్టేస్తే?"

అబద్ధం చెప్పడానికి గోరక్కకి ఒక్క క్షణం మనసైంది. జాలితో కాదు, అలసటతో. "పట్టేస్తే కొలత తప్పినట్టు. అక్కడితో ఆపి తీసెయ్యాలి," అంది.

గిత్త లేచాడు. ఎవరి వైపూ చూడకుండా షాపులోకి వెళ్ళాడు. నెత్తురు ఆరని వైసు దవడల మధ్య తన కుడి చెయ్యి పెట్టాడు.

"తిప్పు," అన్నాడు గళ్ళచొక్కాతో. వాడు వెనక్కి జరిగాడు. "తిప్పరా! నేను బిగించాను. మూడు చుట్లకే పట్టేస్తే సంతోషించాను. స్పానరేసి మరీ బిగించాను." గోరక్క వైపు తిరిగాడు. "నువ్వు తిప్పు. నీకు హక్కుంది."

గోరక్క పిడి పట్టుకుంది. ఒక చుట్టుకి ఆరు మిల్లీలు. ఆ లావు చేతికి రెండున్నర చుట్లు చాలు. వేలు సలుపుతోంది, చెవిలో ఇంకా గుయ్యిమంటోంది, బాబాయి వేళ్ళు విరిగిన చప్పుడు ఆ చెవిలోనే ఉంది. తిప్పాలని ఉంది.

దవడలు తెరుచుకునే వైపు తిప్పింది.

"చెయ్యి తియ్యి," అంది. "వైసుతో నాకు పనుంది. పన్నెండింట్లో రెండే దొరికాయి. డబ్బాలో నాలుగున్నాయి. ఇంకా ఆరు రోడ్ల మీద తిరుగుతున్నాయి."

గిత్త చెయ్యి తీశాడు. గోరక్క గుడ్డ తడిపి దవడల మీద నెత్తురు తుడిచి, కడ్డీ బిగించి, మేకుకి వేలాడుతున్న గేజి అందుకుంది.